చేతులు సన్నం, తోక లావు

అరకు నుంచి అనంతగిరి దాకా కొండవాలుల్లో కాఫీ తోటలు పరుచుకుని ఉంటాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు, కింద మడమలు మునిగేంత ఎండుటాకు. ఆ ఆకు మాటున, రాళ్ల సందుల్లో, చెట్ల మొదళ్ల దగ్గర తవ్వుకున్న బొరియల్లో నల్లతేలు కాపురం ఉంటుంది. మండ్రగబ్బ అనేది దీన్నే. నీలి జీరతో నిగనిగలాడే నలుపు, గరుకుగా ఉబ్బిన రెండు పటకారు చేతులు, అరచేతి పొడవు. ఎదురుపడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పళ్లు కోసేవాళ్లూ కలుపు తీసేవాళ్లూ కనిపించిన చోటే కర్రతో కొట్టి చంపేస్తారు.

నిజానికి ఈ నల్లతేలు కుడితే మహా అయితే కందిరీగ కుట్టినంత బాధ. కాసేపు మండుతుంది, కొద్దిగా వాస్తుంది, తగ్గిపోతుంది. మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటి. అది కొండ దిగి మెట్ట నేలల్లోకి వెళ్తే కనిపిస్తుంది. పొడవు 5 నుంచి 9 సెంటీమీటర్లు, వేలెడు ఒళ్లు. ఇటుక రంగు నుంచి ముదురు గోధుమ ఎరుపు దాకా ఛాయలు, కాళ్లు మాత్రం లేత పసుపు. చేతులు పుల్లల్లా సన్నగా ఉంటాయి గనుక చూడగానే అల్పప్రాణి అనిపిస్తుంది. ఇదే ఎర్రతేలు. శాస్త్రనామం హాటెన్‌టాటా టామ్యులస్. లిన్నేయస్ శిష్యుడు ఫాబ్రిషియస్ 1798లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పాత వైద్య పుస్తకాల్లో బ్యూథస్ టామ్యులస్ అనీ, ఆ తర్వాతి వాటిలో మీసోబ్యూథస్ టామ్యులస్ అనీ కనిపిస్తుంది. మూడూ ఒకే తేలు. పశ్చిమ మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక, తెలుగు నేల, తమిళనాడు, పుదుచ్చేరి ఆసుపత్రులకు దీని బాధితులు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు.

ప్రపంచంలో రెండున్నర వేలకు పైగా తేలు జాతులున్నాయి. వాటిలో మనిషిని చంపగల విషం ఉన్నవి అతి కొద్ది. అవి దాదాపు అన్నీ ఎర్రతేలు పుట్టిన బ్యూథిడే కుటుంబంలోనివే. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి పామరుడికి కూడా పనికొచ్చే ఆనవాలు ఒకటుంది: చేతులు సన్నం, తోక లావు. నల్లతేలుకు ఇది తిరగబడి ఉంటుంది. చేతులు లావు, ఒంటితో పోలిస్తే తోక సన్నం. ప్రతి జాతికీ తు.చ. తప్పకుండా వర్తించే సూత్రం కాకపోయినా, మన ప్రాంతంలో ఈ రెంటినీ విడదీయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఈ తేడా వెనక ఉన్నది ఖర్చు లెక్క. వేటను లొంగదీయడానికి తేలుకు రెండు మార్గాలు. పట్టుకుని నలిపేయడం ఒకటి, కుట్టి చచ్చుపడేయడం రెండోది. నల్లతేలు మొదటి దారి పట్టింది. కండ పట్టిన చేతులతో బొద్దింకనో జెర్రినో బిగించి నొక్కితే చాలాసార్లు కొండి వాడే అవసరమే రాదు. ఎర్రతేలు తన తిండిలో వచ్చిన శక్తిని చేతుల మీద పెట్టలేదు, విషం మీద పెట్టింది. విషమంటే నీళ్లు కాదు. డజన్ల కొద్దీ ప్రోటీన్లు, పెప్టైడ్లు ఒక్కొక్కటీ గ్రంథుల్లో తయారు కావాలి. ఒకసారి ఖాళీ అయిన గ్రంథి మళ్లీ నిండడానికి రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ తేలు ఒంట్లోని ఇంధనం కరుగుతూనే ఉంటుంది.

అందుకే తేలు పొదుపరి. దక్షిణాఫ్రికాలో కనిపించే పారాబ్యూథస్ అనే తేలు మీద చేసిన పరిశోధన ఒకటి 2003లో వెలువడింది. చిన్నగా కవ్వించినప్పుడు ఆ తేలు కొండి కొస నుంచి ముందు తేటగా ఉండే చుక్క ఒకటి వదులుతుంది. అందులో ఎక్కువగా ఉన్నది పొటాషియం లవణం. నొప్పి పుట్టించడానికి, చిన్న పురుగును స్తంభింపజేయడానికి అది చాలు. ఇంకా పీడిస్తేనే పాలలా చిక్కటి అసలు విషం వస్తుంది. ప్రోటీన్ల ఖర్చంతా ఆ రెండో చుక్కలోనే ఉంది. కొన్నిసార్లు విషమే వదలకుండా ఉత్తి కొండితో పొడిచి ఊరుకునే తేళ్లూ ఉన్నాయి.

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణ మాసం మూడో సోమవారం కొండలరాయుడి గుడికి వెళ్లినవాళ్లకు ఈ పొదుపు ప్రత్యక్షంగా కనిపిస్తుంది. భక్తులు కొండ మీద రాళ్లు ఎత్తి తేళ్లు పట్టి స్వామికి సమర్పిస్తారు. చేతుల మీద, ముఖం మీద పాకించుకుంటారు. అది వాళ్ల విశ్వాసం, దాని జోలికి పోవడం నా ఉద్దేశం కాదు. తేలు వైపు నుంచి చూస్తే మాత్రం, కాళ్ల కింద కదలని ఆధారం దొరికి, ఎవరూ నొక్కకుండా, నలపకుండా ఉంటే విషం ఖర్చు చేయడానికి దానికి కారణం లేదు. నొక్కుడు పడిందా, కుడుతుంది. అందుకే పసిపిల్లల ఒంటి మీద తేళ్లు పెట్టడం చూసినప్పుడు నాకు భయమేస్తుంది. అదే విషం పెద్దవాళ్ల ఒంట్లో కంటే పిల్లల చిన్న ఒంట్లో ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది.

పొదుపు ఒక్క విషంలోనే ఆగలేదు. హాటెన్‌టాటా ప్రజాతి ఆఫ్రికా నుంచి అరేబియా, ఇరాన్ మీదుగా మన దేశం దాకా పరుచుకుని ఉంది. అందులో ఎక్కువ భాగం ఎండిన నేలే, ఎర్రతేలు ఒళ్లంతా ఆ ఎండకు తగినట్టే తయారైంది. పైపెంకు మీద మైనపు పొర ఉండటం వల్ల చర్మం గుండా నీరు ఆవిరి కావడం చాలా తక్కువ. మూత్రం పేరుతో నీళ్లు పోగొట్టుకోదు. నత్రజని వ్యర్థాన్ని గ్వానిన్ అనే పొడి పదార్థంగా విసర్జిస్తుంది. తాగడానికి నీళ్లు దొరక్కపోయినా వేటాడిన పురుగు ఒంట్లోని రసంతోనే సరిపెట్టుకోగలదు. పగలంతా రాతి కిందో నెర్రెలోనో ఉండి ఎండ తప్పించుకుంటుంది. అన్నిటికీ మించి, కదలకుండా ఉన్నప్పుడు తేలు ఖర్చు పెట్టే శక్తి అదే బరువున్న కీటకాలు, సాలీళ్ల ఖర్చులో నాలుగో వంతు మాత్రమే. ఒక పెద్ద బొద్దింక దొరికితే నెలల తరబడి తిండి లేకుండా గడిపేస్తుంది. కరువు నేలలో ఇంతకంటే గొప్ప అర్హత ఏముంటుంది!

అలాగని ఇది ఎడారికే పరిమితమైన ప్రాణి అనుకోకూడదు. వానలు దంచికొట్టే కొంకణ తీరంలోనూ ఎర్రతేలు విస్తారంగా ఉంది. జంబిట్టరాతి నెర్రెలు, ఏడాదిలో సగం పైగా పొడిగా ఉండే నేల, వాటి మధ్య మనుషుల ఇళ్లు దానికి సరిపోయాయి. మన ఊళ్లలోనూ అంతే. మట్టిగోడల బీటలు, పెంకుల అడుగు, పిడకల గూడు, కట్టెల మోపు, గడ్డివాము, పేర్చి పెట్టిన ఇటుకలు. పురుగులు పుష్కలం, దాక్కునే చోట్లు పుష్కలం. మనం కట్టుకున్న ఊరు ఎర్రతేలుకు రాళ్ల గుట్ట కంటే మెరుగైన నివాసం.

తేలుకు నడినెత్తిన రెండు కళ్లు, ముందు అంచుల్లో ఇంకొన్ని చిన్న కళ్లు ఉంటాయి. ఇన్నున్నా చూపు అంతంతమాత్రం. చీకట్లో వేట ఎలా సాగుతుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు అమెరికాలోని మొహావీ ఎడారి ఇసుకలో దొరికింది. అక్కడి ఒక ఇసుకతేలును ఫిలిప్ బ్రౌనెల్ అనే శాస్త్రవేత్త పరీక్షించి 1977లో ఫలితాలు ప్రకటించాడు. ఇసుక మీద పురుగు నడిస్తే సన్నటి ప్రకంపనలు పుడతాయి. తేలు కాళ్ల చివర్లలో ఆ కదలికను పట్టే సన్నటి చీలికల్లాంటి ఇంద్రియాలున్నాయి. ఎనిమిది కాళ్లూ గుండ్రంగా చాపి నిలబడి ఉంటుంది కాబట్టి అలల తాకిడి ముందు ఒక కాలికి, ఆ తర్వాత మరో కాలికి చేరుతుంది. సెకనులో వెయ్యో వంతు కంటే చిన్నదైన ఆ తేడాను బట్టి పురుగు ఏ దిక్కున ఉందో తేల్చుకుని అటు తిరుగుతుంది. అర మీటరు దూరంలో కదిలిన పురుగును కూడా అది పసిగట్టింది. దగ్గరికి వచ్చాక చేతుల మీది పొడవాటి సన్నని వెంట్రుకలు పని అందుకుంటాయి. గాలి కాస్త కదిలినా వాటికి తెలిసిపోతుంది. వీటికి తోడు పొట్ట కింద దువ్వెన పళ్లలా వేలాడే పెక్టిన్లు అనే ఒక జత అవయవాలున్నాయి. నేలను తడుముతూ, రుచీ వాసనా చూస్తూ సాగే ఈ అవయవాలు జంతు ప్రపంచం మొత్తంలో తేళ్లకు తప్ప ఎవరికీ లేవు.

పట్టుకున్న వేటను తేలు నమిలి మింగదు. నోటి దగ్గరి చిన్న కత్తెరలతో తునకలు చేస్తూ, జీర్ణరసం పోసి అక్కడికక్కడే కరిగించి రసం పీల్చుకుంటుంది. ఒక బొద్దింకతో గంటల తరబడి కూర్చుంటుంది. చివరికి మిగిలేది పీచు ఉండ.

వెన్నెల లేని రాత్రి, వానలు ఇంకా జోరందుకోని జూన్ మొదట్లో, అరకు కాఫీ తోట గట్టు మీద అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. చేతికందేంత దూరంలో నేల మీద ఏమీ లేదనుకున్న చోట ఆకుపచ్చా నీలమూ కలిసిన వెలుగుతో తేలు ఆకారం దిగ్గున బయటపడుతుంది. చేతుల గరుకు గింజలు, తోక కణుపులు, కొండి కొస కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. పైపెంకులో ఉండే బీటా కార్బోలిన్ లాంటి రసాయనాలు అల్ట్రావయొలెట్ కాంతిని పీల్చుకుని కంటికి కనిపించే కాంతిగా మార్చి వదలడమే దీనికి కారణం. నల్లతేలూ వెలుగుతుంది, ఎర్రతేలూ వెలుగుతుంది. దశాబ్దాల పాటు స్పిరిట్ సీసాలో ఉన్న తేలు కూడా వెలుగుతుంది. కొత్తగా కుబుసం విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న తేలు మాత్రం వెలగదు, పెంకు గట్టిపడే కొద్దీ ఆ గుణం వస్తుంది. శాస్త్రవేత్తలకు ఈ టార్చి వరమైంది. పగలు రాళ్లెత్తి వెతికే పద్ధతిలో దొరకని జాతులెన్నో రాత్రి సర్వేల్లో బయటపడ్డాయి.

అదే టార్చి వెలుగులో వానాకాలం మొదట్లో తల్లితేలు కనిపించిందంటే అదృష్టమే. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపులో నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా, పిల్లలు పెరుగుతాయి. ఒకటొకటిగా బయటికి వచ్చి, తల్లి కాళ్లు పట్టుకుని వీపెక్కి కూర్చుంటాయి. తెల్లగా, మెత్తగా, కొండి ఇంకా పదునెక్కని పదుల సంఖ్యలో పసికూనలు. వాటికి వేట రాదు, తిండి అక్కర్లేదు, ఒంట్లో మిగిలిన పచ్చసొనతో బతుకుతాయి. మొదటి కుబుసం విడిచాక ఒక్కొక్కటే దిగి తమ దారిన పోతాయి. తల్లి కడుపు చీల్చుకుని పిల్లలు పుడతాయనీ, తల్లిని తినేసి పెరుగుతాయనీ మన ఊళ్లలో తరతరాలుగా ఒక మాట ఉంది. వీపు నిండా పిల్లలతో ఉన్న తల్లినో, కుబుసం విడిచాక ముందు అంచు దగ్గర చీలి ఖాళీగా పడున్న పెంకునో చూసినవాళ్లకు ఆ ఊహ వచ్చి ఉండాలి. అసలు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. తల్లి ఆ రోజుల్లో బొరియ దాటడానికే వెనకాడుతుంది. జారిపడిన పిల్ల మళ్లీ ఎక్కేదాకా చేతులు కిందకు దించి ఆగే తల్లులున్నాయి.

దానికి ముందు జరిగే పెళ్లి తంతు ఇంకా విచిత్రం. మగతేలు ఆడతేలు చేతులు తన చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. నిమిషాలు కావచ్చు, గంటలు కావచ్చు. పెక్టిన్లతో నేలను తడుముతూ చదునైన చోటు వెతుక్కుంటుంది. దొరికాక అక్కడ వీర్యపు సంచీ ఒకటి కాడలా నిలబెట్టి, ఆడతేలును సరిగ్గా దాని మీదకు లాగుతుంది. సంచీ తెరుచుకుంటుంది. అంతే, చేతులు వదిలేసి మగతేలు జారుకుంటుంది.

ఇంకో నమ్మకం సంగతీ చెప్పాలి. చుట్టూ నిప్పు పెడితే తేలు తనను తాను కుట్టుకుని ఆత్మహత్య చేసుకుంటుందంటారు. దాని విషానికి దాని ఒళ్లు సులభంగా లొంగదు. వేడికి కండరాలు బిగుసుకుని తోక మెలికలు తిరగడం చూసి అలా అనుకున్నారు. అది ఆత్మహత్య కాదు, మనం చేసే హత్య.

ఎర్రతేలు విషం మన ఒంట్లోకి వచ్చాక ఏం చేస్తుందో ఇప్పుడు చూద్దాం. నరాల మీద సోడియం అయాన్లు లోపలికి వచ్చే ద్వారాలుంటాయి. సంకేతం పోవాలంటే అవి తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. విషంలోని పెప్టైడ్లు వాటిని మూసుకోనివ్వవు. పొటాషియం ద్వారాలను మరికొన్ని పెప్టైడ్లు అడ్డగిస్తాయి. దాంతో నరం ఆగకుండా కూస్తూనే ఉంటుంది. మన అదుపులో లేని నాడీ వ్యవస్థ మొత్తం ఒక్కసారిగా చెలరేగుతుంది. మొదట విపరీతమైన చెమట, చొంగ, వాంతులు. ఆ వెనకే అడ్రినలిన్ జాతి రసాయనాలు రక్తంలోకి పోటెత్తి రక్తనాళాలు బిగుసుకుంటాయి. చేతులు, పాదాలు మంచులా చల్లబడతాయి, రక్తపోటు ఎగసిపడుతుంది, గుండె దడదడలాడుతుంది. గుండె అలసిపోయాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి నురగతో దగ్గు వస్తుంది. చావు సాధారణంగా ఇక్కడే.

ఇదే విషం ప్రయోగశాలలకు ఒక పనిముట్టును కూడా ఇచ్చింది. ఎర్రతేలు విషం నుంచి 1990లో వేరుచేసిన ఐబీరియోటాక్సిన్ ఒక ప్రత్యేకమైన పొటాషియం ద్వారాన్ని మాత్రమే మూస్తుంది, పక్కవాటిని ముట్టుకోదు. రక్తనాళాలు, నరాలు ఎలా పని చేస్తాయో తెలుసుకోవాలనుకునే ప్రపంచ శాస్త్రవేత్తలు దాన్ని ఈనాటికీ వాడుతున్నారు.

చావులను ఆపిన కథ మహారాష్ట్ర రాయగడ్ జిల్లాలో నడిచింది. 1970ల చివర్లో మహాడ్ దగ్గర బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన యువ డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ కళ్లముందే తేలు కుట్టినవాళ్లు ఊపిరాడక పోతుండేవారు. తీవ్ర లక్షణాలతో వచ్చినవాళ్లలో నూటికి ముప్ఫై మంది దాకా చనిపోయే రోజులవి. ఆయన ఒక్కొక్క రోగి పక్కన కూర్చుని ఎప్పుడు చెమట పట్టింది, ఎప్పుడు చేతులు చల్లబడ్డాయి, ఎప్పుడు నీరు చేరింది అని రాసుకున్నాడు. బిగిసిన రక్తనాళాలను వదులు చేస్తే గుండె మీద భారం తగ్గుతుందని ఆలోచించి, రక్తపోటు మాత్ర ప్రాజోసిన్‌ను ప్రయత్నించాడు. 1986లో లాన్సెట్ పత్రికలో ఆ అనుభవం అచ్చయింది. మరణాలు నూటికి ఒకటి దాకా పడిపోయాయి. ఆ తర్వాత ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థ ఎర్రతేలు విషానికి విరుగుడు మందు తయారుచేసింది. మహాడ్‌లోనే 70 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. విరుగుడు, ప్రాజోసిన్ రెండూ తీసుకున్న 35 మందిలో 32 మంది పది గంటల్లో పూర్తిగా కోలుకున్నారు. ప్రాజోసిన్ ఒక్కటే తీసుకున్న 35 మందిలో ఆ సమయానికి కోలుకున్నది 8 మంది. బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద నగరాల ప్రయోగశాలల్లో కాక పల్లెటూరి వార్డులో పుట్టిన వైద్యం ఇది. నాకు తెలిసిన భారతీయ వైద్య విజయాల్లో దీన్ని మొదటి వరసలో పెడతాను.

తేలు మంత్రం సంగతి అడుగుతారు. మంత్రం వేస్తే దిగిందని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. కుట్టినవాటిలో ఎక్కువ భాగం ప్రాణహాని లేని తేళ్లు. ఎర్రతేలు కూడా కొన్నిసార్లు కొద్ది విషంతో ఊరుకుంటుంది. ఆ బాధ కొన్ని గంటల్లో దానంతటదే తగ్గేదే. ఈలోగా మంత్రం పడినా, ఆకు పసరు పడినా పేరు వాటికే. ఏజెన్సీ గూడేల్లో మంత్రం వేసే దిశారి మాటకు ఉన్న గౌరవం తక్కువేమీ కాదు, ఉండకూడదని నేననను. ఆయన పక్కన కూర్చుని ధైర్యం చెబితే రోగికి కొండంత బలం. చెమట ధారగా కారుతూ చేతులు చల్లబడుతున్న పిల్లవాడి విషయంలో మాత్రం ఒక్క గంట ఆగడం కూడా ప్రమాదం. బస్సు రోడ్డు చేరాలంటే డోలీ కట్టి మోయాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట్ల నోటితో మింగే చవక మాత్రకు ఉన్న విలువ పట్నంలో ఉన్నవాళ్లకు అర్థం కాదు. ప్రతి కొండ ప్రాంతపు ఆరోగ్య కేంద్రంలోనూ ప్రాజోసిన్ ఉండి తీరాలి. అది ఎప్పుడు, ఎంత ఇవ్వాలో అక్కడి సిబ్బందికి కంఠతా వచ్చి ఉండాలి.

తేలు కుడితే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. చంపిన తేలునో ఫోటోనో చూపిస్తే డాక్టరుకు ఉపయోగమే, దానికోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. నొప్పి ఎంత ఉందన్నదాని కంటే చెమట, వాంతి, చల్లబడిన చేతులు ముఖ్యం. ఒక్కోసారి ప్రమాదకరమైన కుట్టులో నొప్పి పెద్దగా ఉండదు. పిల్లల్ని ఏ లక్షణం లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ప్రాజోసిన్ ఇచ్చాక రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు గనుక రోగిని లేచి తిరగనివ్వరు, పడుకోబెట్టే ఉంచుతారు. చేతులు, పాదాలు వెచ్చబడేదాకా మూడేసి గంటలకోసారి మళ్లీ మాత్ర ఇస్తూ ఆసుపత్రిలోనే చూస్తారు.